తీగ లేని పాట కావాలంటే ముందు తీగ కొనండి

తీగ లేకుండా పాట వినాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా: ముందు ఒక తీగ కొనండి. తిక్క సలహాలా ఉందని తెలుసు. ఇక్కడ రాయబోయేవన్నీ ఇలాంటివే. ఇంట్లో ఫోన్లను బయటికి పంపండి, కొత్త సాఫ్ట్‌వేర్ ఉండగా పాతది పెట్టండి, వైఫై తీసేయండి, పొద్దుటి పాటకు గడియారాన్ని నమ్మకండి, అంతా బాగా నడుస్తుంటే అప్‌డేట్ జోలికి పోకండి. ఈ విద్య తెలిసినవాళ్లు వింటే తల అడ్డంగా ఊపుతారు. మా నాన్నకు పొద్దున్నే ఘంటసాల భగవద్గీత వినిపించాలని మొదలుపెట్టి, నెల రోజుల సాయంత్రాలు పోయాక ఇవి ఒక్కొక్కటే నాకు తెలిసొచ్చాయి. ఇప్పుడు ఎవరడిగినా ఇవే చెబుతాను.

నా దగ్గరున్నది రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ. 2017 ఫిబ్రవరిలో వచ్చిన చిన్న కంప్యూటర్ బోర్డు. పొడవు ఆరున్నర సెంటీమీటర్లు, వెడల్పు మూడు. 1 గిగాహెర్ట్జ్ మీద నడిచే ఒకే ఒక్క కోర్, 512 ఎంబీ మెమరీ. వైఫై, బ్లూటూత్ రెండూ అందులోనే ఉన్నాయి. లేనిదల్లా ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం. అందుకే దీన్ని కొన్నవాళ్లు నేరుగా బ్లూటూత్ స్పీకర్ మీద పడతారు. నేనూ అలాగే పడ్డాను.

పాట రాకపోతే తప్పు రెండు చోట్ల ఉండొచ్చు. ఫైలును విప్పి శబ్దంగా మార్చే దగ్గర ఒకటి, ఆ శబ్దాన్ని గాల్లోకి పంపే దగ్గర ఇంకొకటి. రెండూ ఒకేసారి కొత్తగా పెట్టుకుంటే ఎటు వెతకాలో తెలియక రాత్రి పదకొండవుతుంది. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, దాన్ని బోర్డుకు తగిలించే ఓటీజీ ముక్క, డ్రాయర్లో పడి ఉన్న పాత ఇయర్‌ఫోన్ చాలు. టీవీ దగ్గర్లో ఉంటే హెచ్‌డీఎంఐ తీగైనా సరే. స్పీకర్-టెస్ట్ అనే కమాండ్‌కు రెండు చానెళ్లు, వేవ్ ఫైలు అని చెప్పి నడపండి. ఒక ఆవిడ గొంతు ఎడమ, కుడి అని ఇంగ్లీషులో చెబుతుంది. ఆ గొంతు వినపడేదాకా బ్లూటూత్ పేరెత్తకండి. అది వినపడ్డాక ఇక మిగిలేది గాలి సంగతి ఒక్కటే.

గాలి సంగతికి వచ్చే ముందు ఇంట్లో ఫోన్లన్నిటిలో బ్లూటూత్ ఆపించండి. ఆపమంటే ఆపని ఇల్లయితే ఆ ఫోన్లున్నవాళ్లను కూరగాయలకు పంపండి. చవక స్పీకర్లు ఒకసారికి ఒక్క పరికరంతోనే కలుస్తాయి. బటన్ నొక్కగానే చివరిసారి ఎవరితో కలిశాయో వాళ్లనే వెతుక్కుంటాయి. ఒక సాయంత్రం రెండు గంటలపాటు నేను కనెక్ట్, కనెక్ట్ అని కొడుతూ కూర్చున్నాను. స్పీకర్ పక్క గదిలో మా అమ్మాయి ఫోన్‌తో కలిసి ఉంది. ఆ పిల్ల ఏ పాటా పెట్టలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

బోర్డులో బ్లూటూత్‌సీటీఎల్ అనే కమాండ్ తెరిచి స్కాన్ ఆన్ అంటే చుట్టుపక్కల పరికరాలన్నీ వరసగా వస్తాయి. మీ స్పీకర్ పేరు పక్కన పన్నెండు అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా ఉంటుంది. దాన్ని పెన్సిల్‌తో కాగితం మీద రాసుకోండి. తర్వాత పెయిర్, ఆపైన ట్రస్ట్, చివర కనెక్ట్. మధ్యలోదాన్ని చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే అది లేకుండా కూడా ఆ పూటకు పాట వస్తుంది. పెయిర్ అంటే ఇద్దరూ ఒక తాళంచెవి పంచుకోవడం. ట్రస్ట్ అంటే స్పీకర్ తనంతట తాను వచ్చి తలుపు తట్టినప్పుడు బోర్డు ఎవరినీ అడక్కుండా తీయడం. ఇది చేయకపోతే రేపు పొద్దున స్పీకర్ పిలిచినా బోర్డు పలకదు. ఈ ఒక్క మాట ఎంత అవసరమో కింద గడియారం దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. కొత్తది ఉండగా పాతది ఎందుకు?

లినక్స్‌లో బ్లూటూత్ పని చూసేది బ్లూజెడ్. 2012 డిసెంబర్‌లో దాని అయిదో వెర్షన్ వచ్చినప్పుడు, ఆల్సాతో నేరుగా మాట్లాడే భాగాన్ని తీసేశారు. ఆల్సా అంటే కెర్నెల్‌లో శబ్దం సంగతి చూసే భాగం. అప్పటినుంచి ఈ రెంటి మధ్య ఎవరో ఒక మధ్యవర్తి తప్పనిసరి. చాలాకాలం ఆ పని పల్స్‌ఆడియో చేసింది. ఇప్పుడు విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ చేస్తోంది. పైప్‌వైర్ మంచి సాఫ్ట్‌వేర్, నా ల్యాప్‌టాప్‌లో దాన్నే వాడతాను. మనిషి ఎదురుగా కూర్చుని వాడే కంప్యూటర్ కోసం కట్టింది అది. మా ఇంట్లో బోర్డు ముందు ఎవరూ కూర్చోరు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు.

మొదట పైప్‌వైరే పెట్టాను. ల్యాప్‌టాప్‌నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి పాట పెడితే బ్రహ్మాండంగా వచ్చింది. ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. పొద్దున నాన్న, "ఏరా, ఇవాళ పాట లేదా?" అన్నారు. వెళ్లి లాగిన్ కాగానే పాట! మళ్లీ బయటికి రాగానే నిశ్శబ్దం. మూడు రోజులు స్పీకర్ని తిట్టాను, పాపం దాని తప్పేమీ లేదు. పైప్‌వైర్ నడిచేది లాగిన్ అయిన మనిషి పేరు మీద. ఆ మనిషి వెళ్లిపోతే, సేవలను నడిపే సిస్టమ్‌డీ ఆయన సేవలన్నిటినీ ఆపేస్తుంది. లాగిన్‌సీటీఎల్‌లో ఎనేబుల్-లింగర్ అని చెప్పి, మనిషి లేకపోయినా సేవలు ఉంచమనవచ్చు. అది చేసినా చాలలేదు. దాని తోడుండే వైర్‌ప్లంబర్ మామూలు అమరికలో, తెర ముందు ఎవరైనా ఉన్నారా అని చూసుకుని గానీ బ్లూటూత్ ముట్టుకోదు. దాన్నీ మార్చుకోవచ్చు. కానీ ఒక పాట కోసం ఇన్ని చోట్ల బతిమాలుకోవడం ఎందుకనిపించింది.

బ్లూఆల్సా అని ఒకటుంది. ఆర్కాడియుష్ బొకోవీ రాసింది. బ్లూజెడ్‌కూ ఆల్సాకూ మధ్య తీసేసిన ఆ ముక్కను తిరిగి అతికించడం, అంతే దాని పని. ఎవరు లాగిన్ అయినా కాకపోయినా, కరెంటు రాగానే సిస్టమ్‌తోపాటు లేచి కూర్చుంటుంది. మెమరీ కొంచెమే తింటుంది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వర్మ్ వెర్షన్ భండారంలో బ్లూజెడ్-ఆల్సా-యుటిల్స్ పేరుతో దొరుకుతుంది. పెట్టాక, పాట నడిపే ఏప్లేకు గానీ ఎంపీజీ123కు గానీ పరికరం పేరు బ్లూఆల్సా అని, పక్కన ఆ కాగితం మీది చిరునామా ఇస్తే చాలు. ఇక్కడ పేర్ల దగ్గర ఒక తికమక ఉంది. బ్లూటూత్‌లో పాటలు పంపే పద్ధతి పేరు ఏ2డీపీ. అందులో సోర్స్ అంటే పంపేది, సింక్ అంటే అందుకునేది. మనకు బోర్డు సోర్స్, స్పీకర్ సింక్. ఫోన్ పాటలను బోర్డుకు పంపాలనుకునేవాళ్లకు ఇది తిరగబడుతుంది. ఎటు పంపుతున్నామో తేల్చుకోకుండా దొరికిన కమాండ్లన్నీ కొట్టకండి.

పాటను కుదించి పంపే కోడెక్‌ల గురించి ఎక్కువ ఆలోచించవద్దు. ఏ2డీపీ ఉన్న ప్రతి పరికరానికీ ఎస్‌బీసీ అనే కోడెక్ వచ్చి తీరాలి. మంచి అమరికలో అది సెకనుకు 328 కిలోబిట్లు పంపుతుంది. ముసలివాళ్ల చెవికి, వెయ్యి రూపాయల స్పీకర్‌కు అది ఎక్కువే. పాట ఫోన్ మాటలా గరగరమంటే మాత్రం కోడెక్‌ను కాదు, ప్రొఫైల్‌ను చూడండి. హెడ్‌సెట్ ప్రొఫైల్లో పడి ఉంటుంది.

వైఫై తీసేయమన్నాను కదా, కారణం చెబుతాను. ఈ బోర్డులో వైఫైకీ బ్లూటూత్‌కూ చిప్ ఒకటే, యాంటెన్నా కూడా ఒకటే. పైగా ఈ బోర్డు వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. బ్లూటూత్ సెకనుకు 1600 సార్లదాకా చానెల్ మార్చుకుంటూ తప్పించుకుంటుంది గానీ, నెట్‌నుంచి పాట దించుకుంటూ అదే యాంటెన్నాతో స్పీకర్‌కు పంపుతుంటే ఒకదానికొకటి దారివ్వాలి. పాట తెగుతూ వస్తుంది. నెట్ రేడియోలు వద్దు. పాటలన్నీ ముందే మెమరీ కార్డులోకి ఎక్కించండి. తర్వాత కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి, కాన్ఫిగ్ ఫైల్లో డీటీఓవర్‌లే ఈక్వల్స్ డిజేబుల్-వైఫై అని ఒక లైను రాయండి. మళ్లీ కావాలంటే ఆ లైను చెరిపితే సరి.

బోర్డును ఇనుప బీరువా వెనక దాచకండి. నేను దాచాను, స్పీకర్ మీటరు దూరంలో ఉన్నా పాట నత్తి కొట్టింది. ఫోన్‌తో వచ్చిన సన్నటి ఛార్జింగ్ తీగ కూడా వద్దు. సన్నటి తీగలో వోల్టేజీ పడిపోతుంది, లోపం బ్లూటూత్‌దనుకుని మీరు దాని చుట్టూ తిరుగుతారు.  

ఇక గడియారం. పొద్దున అయిదున్నరకు పాట మొదలవ్వాలని, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో రాయడం అందరికీ తోచే పని. రెండు కారణాలవల్ల అది కుదరదు. కాసేపు శబ్దం లేకపోతే చాలా స్పీకర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఆగిన స్పీకర్ని బోర్డు లేపలేదు. రెండోది, ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ ఉంటే అక్కడినుంచి టైము తెచ్చుకుంటుంది. మనం వైఫై తీసేశాం. రాత్రి రెండు గంటలు కరెంటు పోతే దాని లెక్కలో ఆ రెండు గంటలూ లేనట్టే. అయిదున్నర పాట ఏడున్నరకు మోగుతుంది.

కాబట్టి స్పీకర్ బటన్నే స్విచ్ చేయండి. నాన్న లేచి మొహం కడుక్కుని స్పీకర్ నొక్కుతారు. అది చివరిసారి కలిసిన బోర్డును వెతుక్కుంటూ వస్తుంది. ట్రస్ట్ చేసి ఉంచాం కనక బోర్డు తలుపు తీస్తుంది. అయిదు సెకన్లకోసారి బ్లూటూత్‌సీటీఎల్ ఇన్ఫో అడిగే పది లైన్ల స్క్రిప్టు ఒకటి వెనక తిరుగుతుంటుంది. కనెక్టెడ్ అన్నచోట ఎస్ కనబడగానే మూడు సెకన్లు ఆగి పాట మొదలుపెడుతుంది. ఆ మూడు సెకన్లు ఆగకపోతే మొదటి శ్లోకంలో మొదటి మాట మింగేస్తుంది, అది నాన్న ఒప్పుకోరు. స్పీకర్ ఆపితే పాట కూడా ఆపేయమని స్క్రిప్టులోనే రాయండి.

ఇంత చేశాక అప్‌డేట్ చేయకండి. నెట్‌కు తగలని బోర్డు ఇది, పాటలు తప్ప దానిలో ఏమీ లేవు. మెమరీ కార్డు మొత్తాన్ని అదే సైజు ఇంకో కార్డులోకి కాపీ చేసుకోండి. మా ఇంట్లో ఆ రెండో కార్డు నాన్న కళ్లజోడు పెట్టెలో, స్పీకర్ చిరునామా రాసిన కాగితం చుట్టి ఉంది. మొన్న అమ్మకు కార్డు మార్చడం చూపించాను. "ఇంతేనా, నాన్నా?" అని తీసి, పెట్టి, మళ్లీ తీసి, పెట్టి చూపించింది.