కుక్కుట నిదానము

మనుష్యునకు జబ్బు చేసినచో వైద్యుని మనము వెదకికొని పోవలెను. పెరటికోడికి జబ్బు చేసినచో వైద్యులే మనలను వెదకికొని వత్తురు. గాజువాకలో ఈ రెండవ తరగతి వైద్యులకు కొదువ లేదు. ఏలయన, ఉక్కు కర్మాగారమునకును, ఓడరేవునకును, ఆటోనగరునకును నడుమ వెలసిన ఈ పట్టణమున ప్రతి గృహస్థుడును ఏదో యొక యంత్రమును జీవితమంతయు విప్పి బిగించినవాడే. విప్పి బిగించుట తెలిసినవానికి లోకమున తెలియనిదేదియు నుండదని వారి దృఢవిశ్వాసము. అట్టివారికి మా డేగపెట్ట దొరకినది.

అది తొలిగ్రుడ్ల పడుచుపెట్ట. పొరుగువారి కరివేపచెట్టు మొదలు కుళ్లగించుటయందును, ఆరబెట్టిన వడియములపై నడచుటయందును దానికి గల కీర్తి మా వీథిని దాటి పోయినది. ఒకనాటి ఉదయమున తోడి కోళ్లన్నియు తవుడు పళ్లెముకడ కుమ్ములాడుకొనుచుండగా, ఇది మాత్రము గోడమూల మెడ లోనికి లాగికొని, ఈకలుబ్బించి, తోక క్రిందికి వ్రేలవేసి, మాటిమాటికి గంపలోనికి దూరుచు, దూరిన మరుక్షణమే వెలికి వచ్చుచు, పెండ్లిలో మర్యాద తక్కువైన వియ్యపురాలివలె నిటారుగా అడుగులు వేయుచుండెను.

మొదట పలికినవారు ఎదురింటి మామ్మగారు. ఆమె కోడిని చూడలేదు. గోడ యవతలనుండియే రోగనిర్ణయము చేసిరి.

“కొక్కెర తెగులు బాబూ! సూడక్కర్నేదు. పొద్దుగూకీలోగా పోతాది. ఊపిరున్నప్పుడే కోసీండి, అల్లం వెల్లుల్లి నాను నూరుతాను.”

కొక్కెర తెగులనగా సామాన్యమైనది గాదు. 1926లో జావాద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునను బయటపడి, పిమ్మట కొలది కాలమునకే మన కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కానవచ్చుటచే, అది లోకమునకు న్యూకాసిల్ వ్యాధియు, మనకు రాణీఖేత్ వ్యాధియు నైనది. జనులు చల్లగాలికై పోవు ఆ కొండయూరు ఏ జన్మమున ఏ పాపము చేసెనో గాని, దాని పేరు దేశమునందలి పశువైద్యశాలల గోడలమీద కోళ్లరోగమై వెలసినది. ఆ తెగులు తగిలిన కోడి నోరు తెఱచి రొప్పును, పచ్చగా పారును, మెడ మెలివడును, కాళ్లు, రెక్కలు పడిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, అది యొక్కదానితో తృప్తి చెందదు. టీకా లేని దొడ్డిని దొడ్డిగా ఊడ్చిపెట్టును. మా పెట్ట మెడ తిన్నగనే యున్నది. తోడి కోళ్లు పరమారోగ్యముతో పరస్పరము పొడుచుకొనుచున్నవి. ఈ సంగతి మామ్మగారికి సవినయముగా విన్నవించితిని. “రేప్పొద్దుటికి సూద్దువుగాని” అని ఆమె అల్లము గీకుటకు లోనికేగిరి.

అంతట పక్కవీథి విశ్రాంత కాంపౌండరుగారు విచ్చేసి, పెట్ట రెక్కక్రింద జ్వరమాని యుంచి, తీసి, వెలుతురునకు పట్టి చూచి, నిశ్చేష్టులైరి. పాదరసము నూటయారు దాటినది! “మనిషైతే ఈపాటికి 108కి ఫోన్ చేసెయ్యాలండి” అనిరి. కోడి సహజోష్ణతయే 41, 42 డిగ్రీల సెల్సియస్. అనగా మన జ్వరమానిలో ఇంచుమించు 106 మొదలు 108 వరకు. ఆరోగ్యవతియైన ప్రతి కోడియు మన లెక్క ప్రకారము ప్రాణాంతకమైన జ్వరముతోనే బ్రదికి, ఆ జ్వరముతోనే పురుగులను తరిమి, ఆ జ్వరముతోనే పిల్లలను పొదుగుచున్నది. దీనిని నిరూపింప దలచి, పళ్లెముకడ నున్న మరియొక లావుపాటి పెట్టను పట్టి తెచ్చి వారి చేతికిచ్చితిని. వారు దానిని గూడ పరీక్షించి, గంభీరముగా తల పంకించి, “చూశారా, దీనికీ అంటేసింది” అనిరి.

తరువాత ఉక్కు కర్మాగారమున ఉద్యోగము చేసి విరమించిన పెద్దమనిషి యొకరు అయస్కాంతము చేతబట్టి వచ్చిరి. పెట్ట ఇనుము మింగినదని వారి సిద్ధాంతము. 1966లో “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” అని జనులు ప్రాణములొడ్డి నినదింపగా, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేయగా, 1992లో జాతికంకితమైన కర్మాగారమది; ఆ హక్కు ఆంధ్రదేశమునందలి మనుష్యులకే గాని కోళ్లకు లేదని ఏ శాసనమునను వ్రాసియుండలేదు గదా! మరియు, వారి మాట పూర్తిగా త్రోసివేయదగినదియు గాదు. దంతములు లేని కోడి కందనకాయలో చిన్నరాళ్లుంచుకొని మేతను నూరుకొనును. ఆ రాళ్లనేరుకొను సందడిలో మేకులు, తీగముక్కలు మింగుటయు గలదు. మెడక్రింది మేతసంచి రాత్రి నిండుగా నుండి తెల్లవారునప్పటికి ఖాళీ కావలెను. గట్టిగా నిలిచిపోయిన యెడల త్రోవలో అడ్డున్నదని యర్థము. మా పెట్ట సంచి మెత్తగా, ఖాళీగా నున్నది. అయస్కాంతము పెట్టను విడిచి మా గేటు గడియను కరచుకొనెను. దానిని ఊడబెరుకుటకు ఇరువురము శ్రమింపవలసి వచ్చెను.

గోదావరి జిల్లానుండి వచ్చిన యొక బంధువు కుక్కుట శాస్త్రమును తెఱచెను. కోడిపందెమున కాకి పుంజు ఏ దినమున గెలుచును, డేగ పుంజు ఏ వేళ నోడునను విషయమున అది మహాగ్రంథము. పుంజులే గాని పెట్టలు దాని దృష్టికి రాలేదు.

ఇంతలో, ఆటోనగరులో లారీలు బాగుచేయు కుర్రవాడొకడు మా స్కూటరు తాళమిచ్చిపోవుటకు వచ్చి, ఎవరి యనుమతియు గోరక పెట్టను చంకనెత్తి, దాని వీపునకు చెవి యానించి, ఒక్క నిమిషము కనులు మూసికొని యుండి ఇట్లనెను:

“ఇంజిను బాగున్నాది సారూ. సైలెన్సరు కాడ ఏదో అడ్డం పడ్డాది.”

పెద్దలందరును నవ్విరి. కాంపౌండరుగారు నవ్వక, స్త్రీలున్న చోట ఇట్టి మాటలేమని మందలించిరి. పెట్టను గంపలో పెట్టుకొని నేను పశువైద్యశాలకు పోతిని.

అచటి డాక్టరమ్మగారు పెట్టను చూడకమున్ను నన్ను చూచి, వరుసగా అడిగిరి: మిగిలిన కోళ్లెట్లున్నవి, రెట్ట ఏ రంగు, తురాయి వాడినదా, చివరి గ్రుడ్డెప్పుడు పెట్టినది? ఈ చివరి ప్రశ్న మా వీథి వైద్యమండలిలో నొక్కరికిని తోచలేదు. పిమ్మట తొడుగు వేసికొన్న వ్రేలికి నూనె రాచి, మెల్లగా పరీక్షించి, “గుడ్డు అడ్డం పడిందండీ” అనిరి. ఆటోనగరు శాస్త్రమే నెగ్గినది!

గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు ఇరువదియైదు గంటలు పట్టును. అందు ఇరువది గంటలు పెంకు పోసికొనుటకే. ఒక్క పెంకునకు రెండు గ్రాముల కాల్షియము కావలెను. నూకలు, తవుడు, చలిది మెతుకులు తిను కోడికి అంత సున్నమెక్కడిది? తన యెముకలనుండియే అరువు తెచ్చికొనును. అరువు తీరని నాడు పెంకు పలుచనగును. గ్రుడ్డును బయటికి నెట్టవలసిన కండరములకు గూడ ఆ కాల్షియమే యాధారము గాన, అవియు సమ్మె కట్టును.

చికిత్స రాజోచితముగా నుండెను. గోరువెచ్చని నీటితొట్టిలో పెట్టను పొట్ట మునుగునట్లు కూర్చుండబెట్టిరి. మొదట రెక్కలు కొట్టి నా చొక్కా తడిపిన యా పెట్ట, వెచ్చదనమునకు లొంగి, మనవలె పైరెప్పను వాల్చక, క్రిందిరెప్పను మెల్లగా పైకి లాగికొని, అర్ధనిమీలిత యయ్యెను. నొక్కరాదనియు, లోపల గ్రుడ్డు పగిలినచో ప్రాణముమీదికి వచ్చుననియు డాక్టరమ్మగారు హెచ్చరించి, కాల్షియము మందు పోసి, చీకటిగదిలో నుంచుడని పంపివేసిరి.

ఆ సాయంకాలమే గంపలో గ్రుడ్డు కానవచ్చెను. ఒక కొన సున్నపు పొక్కులతో గరుకుగా నుండెను. పెట్ట లేచి తవుడు పళ్లెముకడ తన పూర్వస్థానమును ముక్కుతో పొడిచి సంపాదించుకొనెను. తాను ఉప్పు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయుటచేతనే ఈ గండము గడచినదని మామ్మగారు నేటికిని చెప్పుదురు. నూరిన అల్లపుముద్ద వృథా యైనదను విచారము మాత్రము వారికి తీరలేదు.

పెరటికోళ్లు గల పాఠకులారా! యారాడ తీరమున కాలితో తన్నుకొని పోవు ఆల్చిప్పలను దంచి యొక మూకుడులో పోసి యుంచుడు. కొక్కెర తెగులునకు చికిత్స లేదు, టీకాయే గలదు గాన, కోడిపిల్లలకు మొదటి వారముననే లసోటా చుక్క కంటిలో వేయింపుడు. ఇవి చేసినను కోడి మూలనే కూర్చుండెనేని, సంచార పశువైద్యుల వాహనము 1962 సంఖ్యకు ఫోను చేసినచో వచ్చును. చేయుటకు ముందు వీథివైపు కిటికీలు మూసికొనుడు.