డ్రైవరు సీట్లో సోనా మసూరి

నడివయసు మగవాడికి వచ్చే రోగాల్లో చాలావాటికి మందులున్నాయి. ఇంట్లో కారు కట్టే పిచ్చికి లేదు. ఇంగ్లండు గాలిలోనే ఆ పిచ్చి ఉంది. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బక్కపల్చని కారు తెచ్చాడు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ని విప్పి 250 పౌండ్లకే అలాంటి కారు కట్టుకోవచ్చని పుస్తకం రాశాడు. లెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సైకిలు పంక్చరైనా నడిపించుకుని ఇంటికొచ్చే నేను ఆ పుస్తకం కొన్నాను. అనుకున్న బడ్జెట్‌లో తెమిలింది ఆ కొనుగోలు ఒక్కటే.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే పోయేది. ముందు సస్పెన్షన్ మాత్రం నా సొంత బుర్రతో గీస్తానన్నాను.

చక్రాన్ని కారుకి పట్టి ఉంచే చేతులు పైనొకటి, కిందొకటి, రెండు విష్‌బోన్లు. రెండూ సమానంగా, సమాంతరంగా పెడితే మలుపులో కారు ఒరిగినంతా చక్రమూ ఒరిగి బయటి టైరు అంచు మీద నడుస్తుంది. అందుకని పైదాన్ని పొట్టిగా చేస్తారు. చక్రం పైకి లేచేకొద్దీ తల లోపలికి వంచి ఆ ఒరుగుడును కొంత సర్దుకుంటుంది. మరీ పొట్టి చేస్తే, బ్రేకు తొక్కి ముక్కు దిగినప్పుడల్లా రెండు టైర్లూ లోపలి అంచుల మీద నిలబడతాయి. మరి ఎంత పొట్టి? ఇది తేల్చడానికి అట్టముక్కలు, గుండుసూదులు, దారపు ఉండతో డైనింగ్ టేబుల్‌ని ఆక్రమించాను.

చాప్‌మన్ మలుపులో కారు ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్‌నే పై విష్‌బోన్‌కి ఒక కాలుగా వాడుకున్నాడని, ఒకే ముక్కతో రెండు పనులు చేయించాడని మా ఆవిడకి గొప్పగా చెప్పాను. "మన టేబుల్‌కి ఒక్కటే పని మిగిలింది. అది అన్నం తినడం మాత్రం కాదు" అంది.

స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, విష్‌బోన్ మీద లోపలికి ఎక్కడో కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 నొక్కుకుంటే, చక్రం దాకా చేరే బిరుసు 0.7 వంతు కాదు, దాని వర్గం, అంటే దాదాపు సగం. ఇది బుర్రకెక్కిన రాత్రి ఆవిడను నిద్రలేపి మరీ చెప్పాను. "మీ జీతమూ ఇంటికొచ్చేసరికి అంతే అవుతోంది" అని అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత బంప్ స్టీర్. స్టీరింగు రాడ్డు గీసే చాపం విష్‌బోన్ల చాపాలతో పొసగకపోతే, గతుకు తగిలినప్పుడల్లా మనం తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. పరీక్షకు స్ప్రింగు తీసేసి, హబ్‌కి లేజరు కట్టి, జాకీతో చక్రాన్ని కొద్దికొద్దిగా ఎత్తుతూ గోడ మీద ఎర్రచుక్క పక్కకి జరుగుతుందేమో చూడాలి. ఆ లేజరు మా వాడు పిల్లిని ఆడించేది. నేనూ పిల్లీ రాత్రుళ్ళు గోడకేసి చూస్తూ కూర్చుంటున్నామన్న కబురు గుడివాడలో అమ్మకి చేరింది. తాయెత్తు పంపింది. కట్టడానికి స్టీరింగు చక్రం ఇంకా లేదు గనక కింది విష్‌బోన్‌కి కట్టాను. మొన్న చూడ్డానికొచ్చిన మామగారు అంతా తిరిగి చూసి, "బావుందండీ అల్లుడుగారూ, మిగతా కారు ఎప్పుడొస్తుంది?" అన్నారు.

ఇలా ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ప్రభుత్వ పరీక్ష ఉంది. మలుపు తిరిగాక వదిలేస్తే స్టీరింగు దానంతటదే తిన్నబడాలి. తేలిక కార్లకి ముందు టైర్ల మీద బరువుండదు కాబట్టి అదొక గండం. పై బాల్ జాయింట్‌ని వెనక్కి జరిపి కాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, పెంచాను.

ఇంత తేలిక కారులో డ్రైవరు బరువు కూడా పెద్ద లెక్కే. కాబట్టి మనిషి కూర్చున్నట్టుగానే కొలతలు తీయాలి. ఆ మనిషినైన నేను కింద పడుకుని కొలవాలి గనక, సీట్లో 20 కిలోల సోనా మసూరి బస్తాలు నాలుగు సర్దాను. వండడానికి బియ్యం వెతుక్కుంటూ గరాజ్‌లోకొచ్చిన మా ఆవిడ తిడుతుందనుకున్నాను. బస్తాల్నీ, నేల మీదున్న నన్నూ మార్చి మార్చి చూసింది. లోపలికెళ్ళి ఐదోది మోసుకొచ్చి పైన పెట్టింది. కారు కుడివైపు ఇంకాస్త దిగింది. రాసుకున్న అంకెలన్నీ కొట్టేసి, ఐదు బస్తాల డ్రైవరు లెక్కన మళ్ళీ కొలవడం మొదలుపెట్టాను.