క్రెడిట్టు మాహాత్మ్యము

పనిచేసినవాడు కూలి పుచ్చుకొనుటయు, చదువు చెప్పించుకొన్నవాడు దక్షిణ యిచ్చుకొనుటయు లోకమున అనాదిగా వేరువేరుగా సాగివచ్చిన రెండు మర్యాదలు. పనిచేసినవాడే దక్షిణయు చెల్లించునట్లును, చేయించుకొన్నవాడు కూలి యీయనక్కరలేనట్లును, చదువు చెప్పనివాడు ఆ దక్షిణను కన్నుల కద్దుకొని పుచ్చుకొనునట్లును ఈ రెంటిని ఏకము చేయగల మేధావి పూర్వయుగములలో ఒక్కడును పుట్టలేదు. వెట్టి చేయించుకొన్న మన దొరలకు సయితము ఇంతటి ఉపాయము తోపలేదు. ఈ చాకిరి నీ జ్ఞానాభివృద్ధి కొఱకే యని వెట్టివానిచే పత్రము వ్రాయించుకొన్న దొర యొక్కడును చరిత్రలో కానరాడు. ఆ కొఱతను అమెరికా విశ్వవిద్యాలయములు తీర్చినవి. తీర్చి, దానికి క్రెడిట్లతో కూడిన విదేశ ఇంటర్న్‌షిప్ అని నామకరణము గావించి, రంగుల కరపత్రములమీద వంతెనలను, గోపురములను, నవ్వుమొగములను ముద్రించి, యువజనులను ఆహ్వానించుచున్నవి.

పద్ధతి మిక్కిలి సులభమైనది. విద్యార్థి వేసవి సెలవులలో లండనుకో, డబ్లినుకో, బార్సిలోనాకో పోయి, ఎన్నడు నెఱుగని కార్యాలయమున ఎనిమిది వారములు కూర్చుండి, వారు చెప్పిన పని చేయవలెను. పొందబోవు మూడు క్రెడిట్లకో ఆఱు క్రెడిట్లకో విశ్వవిద్యాలయమునకు బోధనారుసుము చెల్లించవలెను. ఆ కార్యాలయమును వెదకిపెట్టిన మధ్యవర్తి సంస్థకు వేఱుగ రుసుము చెల్లించవలెను. విమానము, వీసా, బస, భోజనము అతని తండ్రివే. ఇంత వ్యయమునకు ప్రతిగా విశ్వవిద్యాలయము చేయు శ్రమ యేమనగా, అతడు తన అనుభవమునుగూర్చి తానే తర్కించుకొని వ్రాసి పంపిన నాలుగు పుటల వ్యాసమును అందుకొనుట, యజమాని సంతకము చేసిన కాగితమును దానికి జతపఱచుట, పట్టికలో నొక గుర్తు వేయుట. ఆచార్యుడు సముద్రమున కీవల సెలవులు గడపుచుండగనే ఆవల అతని బోధనకు రుసుము ముట్టుచుండును. యోగసిద్ధులు ఏకకాలమున రెండు తావుల కనబడుదురని విందుము. ఏ తావునను కనబడకయే రెండు తావుల ఫలము ననుభవించుట వారికిని సాధ్యము కాలేదు.

ఈ మహిమ యంతయు క్రెడిట్టుది గావున దాని పుట్టుపూర్వోత్తరములు కొంచెము విచారింపదగినవి. ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లు ధర్మముచేసి, ముదిసిన కళాశాలాచార్యులకు విశ్రాంతివేతనము లిచ్చుటకు ఒక సంస్థను నెలకొల్పెను. ఏది కళాశాల, ఏది కాదు అని నిర్ణయింపనిదే ఎవరి ముసలితనమున కీయవలయునో తేలదు గనుక, ఆ సంస్థ ప్రవేశార్థులు చదివి రావలసిన చదువును గంటలలో కొలిచి యూనిట్లుగా విభజించెను. కళాశాలలలోని క్రెడిట్టు గంట ఆ కొలత నంటి పెరిగినదే. ముసలిపంతుళ్ల భరణముకొఱకు పుట్టిన కొలబద్ద విద్యను కొలుచు తులాదండమై కూర్చున్నది. ఏమి నేర్చెనని యది యడుగదు, ఎంతసేపు కూర్చుండెనని యడుగును. వారమునకు తరగతిలో ఒక గంట, వెలుపల రెండు గంటలు, ఇట్లు పదునైదు వారములైన నొక క్రెడిట్టని అమెరికా ప్రభుత్వము 2010లో నిర్వచించి, ఇంటర్న్‌షిప్పులకును దానితో సమానమైన పని యుండిన చాలునని సెలవిచ్చినది. కూర్చుండిన గంట విద్యయైనపుడు, కాఫీ కాచిన గంట మాత్రము ఏల కాకూడదు?

చదువుతో పనిని జోడించుటయే తప్పని నే ననను. 1906లోనే సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు ఇంజనీరింగు విద్యార్థులను ఒక వారము తరగతికిని, ఒక వారము కార్ఖానాకును పంపి, కార్ఖానాలో చేసిన పనికి కూలి యిప్పించెను. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయము 1957లో ఈ పద్ధతితోనే పుట్టినది. మన పిలానీలో 1973లో ఆరంభించిన ప్రాక్టీస్ స్కూలు, విద్యార్థి వెంట అధ్యాపకుడును పరిశ్రమకు పోవలెనను ఊహతో నడచినది. ఒకచోట కూలి కలదు, ఒకచోట గురువు కలడు. ఇప్పటి సంస్కర్తలు ఈ రెంటిని పరిశీలించి, రెండును వ్యయకారణములని గ్రహించి, రెంటిని విసర్జించి, రుసుమును మాత్రము భద్రముగా నిలుపుకొనిరి. సారగ్రహణమనగా ఇదియే.

ధర్మశాస్త్రమున దీనికి ఆధారము లేకపోలేదు. 1947లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, పోర్ట్‌లాండ్ టెర్మినల్ అను రైలుకంపెనీలో బ్రేకుపని నేర్చుకొన వచ్చినవారు, వారము రోజుల శిక్షణకాలమున ఉద్యోగులు కారనియు, వారికి కూలి యీయనక్కరలేదనియు తీర్పు చెప్పెను. రైలుబండిని ఆపుట నేర్చుకొనువాని తప్పటడుగులు కంపెనీ పనికి సాయము గాక ఆటంకమే యని అందలి యుక్తి. ఆ యుక్తి న్యాయమైనదే. కాని వారము రోజుల బ్రేకుపనికై పుట్టిన ఆ వాక్యము, పిమ్మట బ్రేకులు లేని బండియై, పత్రికాలయములలోనికిని, చలనచిత్ర సంస్థలలోనికిని, ఫ్యాషను దుకాణములలోనికిని దూసికొనిపోయినది. 2010లో వెలువడిన బ్లాక్ స్వాన్ అను చిత్రమునకు వేతనము లేక పనిచేసిన యువకులు మఱుచటి యేట వ్యాజ్యము వేసిరి. ఫోటోకాపీలు తీయుట, కాఫీ కాచుట, అతిథులను లోనికి బంపుట, చిత్రము ముగిసిన పిదప కార్యాలయపు బల్లలు విప్పి అమ్ముట, దర్శకునికి తేనీరును, ఎలర్జీ కలిగింపని తలగడ నొకదానిని సంపాదించి తెచ్చుట వారి విద్యాభ్యాసములో చేరియుండెనని న్యాయస్థానపు తీర్పులోనే వ్రాసియున్నది. 2013లో క్రింది న్యాయస్థానము వారు ఉద్యోగులే యనినది. 2015లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చి, ఈ సంబంధమువలన ప్రధానముగా లాభము పొందినవా డెవడో చూడవలెనని క్రొత్త పరీక్ష నొకదానిని ఏర్పఱచి, అందు పరిశీలింపవలసిన ఏడు విషయములలో క్రెడిట్టు లభించుటను ఒకటిగా చేర్చినది. 2018లో అమెరికా కార్మికశాఖయు దానినే అనుసరించినది. తలగడ తెచ్చినవానికి క్రెడిట్టు కూడ ఇచ్చియున్నచో లాభపడినవాడు వాడే యని వాదించుటకు ఇప్పుడు తోవ సుగమమైనది. విశ్వవిద్యాలయమువా రమ్ముచున్న వస్తు వేదియో తెలిసినదికదా! వారు విద్య నమ్ముట లేదు. యజమాని కూలి యీయకుండుటకు పనికివచ్చు ముద్రను, ఆ కూలి కోల్పోవువానికే అమ్ముచున్నారు.

దేశములు దాటినకొలది ఈ ధర్మము మఱింత పరిశుద్ధమగును. మానవహక్కులకు పుట్టినిల్లని ప్రసిద్ధివహించిన ఐక్యరాజ్యసమితి తన సచివాలయములోని ఇంటర్నులకు వేతనము ఇచ్చుట లేదు. ప్రయాణము, వీసా, బస యన్నియు వారే భరించుకొనవలెనని దాని నియమము. 2015లో జెనీవాలో దాని ఇంటర్ను ఒకడు సరస్సు నొద్ద గుడారము వేసికొని యుండగా ఆ వార్త లోకమంతయు ప్రాకినది. పనికి న్యాయమైన ప్రతిఫలము మానవుని హక్కని 1948లో చాటిన సమితి యదియే. జెనీవా నగరమున వేసవి యంతయు సొంతధనముతో బ్రతుకగల బిడ్డ ఏ యింటి బిడ్డయో యూహింప కష్టము లేదు. పేదవాడు అర్హుడైనను పోలేడు. పోగలవానికి ఆ యనుభవము లేకున్నను దినము జరుగును. అయినను తిరిగివచ్చినపిదప ఆ యనుభవపత్రమే యోగ్యతకు నిదర్శనమగును. తండ్రి ధనము తనయుని ప్రతిభగా మాఱుటకు ఇంతకంటె దగ్గఱదారి లేదు.

ఇది అమెరికావారి బిడ్డల గోడు, మన కేల యందురేమో. తెలుగునాటి యిండ్లలో ఈ క్రెడిట్టు మఱొక యవతారము నెత్తినది. అటునుండి పోవువారు పనిచేయుటకై చదువునకు చెల్లించుచుండగా, ఇటునుండి పోవువారు చదువునకు చెల్లించి పనిచేయుటకు అనుమతిని కొనుచున్నారు. ఎఫ్-1 అను విద్యార్థివీసా కలవాడు చదువు సాగుచుండగనే వెలుపల పనిచేయుటకు సీపీటీ అను అనుమతి కలదు. అట్టి పని నియతమైన పాఠ్యక్రమములో అంతర్భాగమై యుండవలెననియు, సామాన్యముగా ఒక విద్యాసంవత్సరము గడచినగాని దొరకదనియు విధి. అయితే వెంటనే పనిలో ప్రవేశింపవలసిన పైచదువులకు మాత్రము మినహాయింపు కలదు. మన ఊళ్లలో కన్సల్టెన్సీవారు ‘డే వన్ సీపీటీ’ (చేరిన తొలినాడే పనికి అనుమతి) యని జపించు మంత్రమునకు ఈ మినహాయింపే మూలము. హెచ్-1బి ఉద్యోగవీసా లాటరీలో పేరు రాక, చదువు ముగిసినపిదప పనికిచ్చు ఓపీటీ అను అనుమతి గడువు తీరి, అప్పు తీఱక చిక్కుకొన్నవానికి రెండవ మాస్టర్సు, పిదప మూడవ మాస్టర్సు, ఇట్లు సరస్వతీదేవిపై భక్తి నానాటికి పెరుగుట ఈ మంత్రప్రభావమే. టెక్సాసులో పనిచేయువాడు మఱొక రాష్ట్రమందలి కళాశాలకు మూడుమాసముల కొకమాఱు వారాంతమున విమానమెక్కి పోయి హాజరు వేయించుకొని వచ్చుచుండును. కాశీయాత్రకైనను జీవితమున నొకమాఱు చాలునుగదా!

ఈ వ్యాపారము ముదిరినపుడు ఏమగునో మనవారికి తెలియనిది కాదు. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమను పేర వెలసిన సంస్థను 2011 జనవరిలో అధికారులు మూయించిరి. అందలి విద్యార్థులు చాల భాగము నాటి ఆంధ్రప్రదేశమువారు; వారిలో సగమునకు పైబడినవారు ఒక్క అపార్టుమెంటులో కాపురమున్నట్లు రికార్డులలో వ్రాయబడియుండెను. మన పల్లెల ఉమ్మడి కుటుంబములు సిగ్గుపడదగిన సంఖ్య అది. కొందఱు పిల్లల కాలికి అధికారులు రేడియో కడియములు తొడిగిరి. ఆ సంస్థ అధిపతికి 2014లో పదునాఱేండ్లకు మించిన శిక్ష పడినది. పిల్లలు పోగొట్టుకొన్న యేండ్లకు లెక్క వ్రాసినవారు లేరు. ఇంతటితో బుద్ధిరాలేదని తలచి కాబోలు, అమెరికా ప్రభుత్వము తానే మిషిగనులో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను మాయాకళాశాల నొకదానిని స్థాపించి, 2019 జనవరిలో దాని ముసుగు తీసినది. ఆచార్యులు లేరు, తరగతులు లేవు, పుస్తకము లేదు. రుసుము మాత్రము కలదు. విద్యార్థులను కమీషనుకు చేర్చిపెట్టిన నేరమున శిక్షపడిన ఎనమండుగురి పేర్లు చదివినవారికి వారి మాతృభాష యేదియో వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ మాయాకళాశాలను పట్టించి యిచ్చుటకు తనిఖీ యక్కరలేకపోయెను, స్థాపించినవారే పోలీసులు గనుక. పాఠము చెప్పని విశ్వవిద్యాలయము మోసమని ప్రభుత్వము లోకమునకు నిరూపించినది. ఆ సూత్రమును సముద్రతీరమున సెలవులు గడపు ఆచార్యునివఱకు విస్తరింపజేయుట మాత్రము మఱచినది.

ఇట్లు విమర్శింపగనే ఈ వ్యవస్థకు వకాల్తా పట్టినవారు మన పురాణములనే మన కెదురుగా విప్పుదురు. గురుకులములో శిష్యుడు సమిధలు తేలేదా, గోవులు కాయలేదా, గండిపడిన గట్టునకు అడ్డముగా ఆరుణి తన దేహమునే పఱచి పండుకొనలేదా, దానికి జీతమెవ్వ రిచ్చిరి అని ప్రశ్నింతురు. అడిగినందులకు సంతోషము. ఆరుణి తన గురువుగారి పొలముగట్టున పండుకొనెనుగాని, గురువుగారు కమీషను పుచ్చుకొని అప్పగించిన పరదేశి షావుకారు గట్టున పండుకొనలేదు. పండుకొనుటకు ముందు గట్టువినియోగ రుసుమని చెల్లింపలేదు. అన్నము పెట్టినవాడు, పని చెప్పినవాడు, చదువు చెప్పినవాడు ఒక్కడే. ప్రొద్దుగ్రుంకినను శిష్యుడు రాకపోవుటచే గురువైన ధౌమ్యుడు తానే పొలమునకు పోయి పేరుపెట్టి పిలుచుచు వెదకెను. మన బిడ్డ జెనీవాలోనో, బార్సిలోనాలోనో గండికి అడ్డముగా పడియున్నపుడు వెదకికొనుచు వచ్చు ధౌమ్యు డెవడు? వారమున కొకమాఱు యంత్రము పంపు జ్ఞాపకలేఖయా?

కావున తండ్రులారా, తల్లులారా, పొలము తాకట్టుపెట్టి పంపబూనిన పెద్దలారా, కరపత్రమందలి వంతెనబొమ్మను కాసేపు ప్రక్కన బెట్టి, ఆ విశ్వవిద్యాలయమువారిని సూటిగా ప్రశ్నింపుడు. మా బిడ్డచే పనిచేయించుకొనువాడు ఎంత యిచ్చును? ఆ పనిని దగ్గఱనుండి దిద్దు గురు వెవరు, వారమునకు ఎన్ని గంటలు దిద్దును? ఈ రెంటికి సమాధానము లేనిచో మీరు పుచ్చుకొను రుసుము దేనికి? కూలియు లేక గురువును లేక మిగిలిన దానికి విద్యయని పేరు పెట్టి ఎవ్వరు క్రెడిట్లు చూపినను, ఆ క్రెడిట్లు వారి ఖాతాలోనివే గాని మీ బిడ్డ ఖాతాలోనివి కావు. సమాధానము వచ్చువఱకు చెక్కుమీద సంతకము చేయకుడు.