తువ్వాలు కింద వేళ్లు

మాది ఎడ్లపాడు. ఊరి పేరులోనే ఎడ్లున్నాయి కాబట్టి బేరాల సంగతి మాకు కొంచెం తెలుసు. సంతలో ఎద్దును కొనేవాడూ అమ్మేవాడూ నోరు విప్పరు. దళారి మధ్యలో తువ్వాలు కప్పుతాడు, దాని కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తారు. చుట్టూ నిలబడ్డ వాళ్లకు తువ్వాలు కదలడం ఒక్కటే కనిపిస్తుంది. ఎద్దును మాత్రం ఎవరూ అడగరు.

మండల పరిషత్తులో అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయితే నింపే పద్ధతి ఇలాంటిది కాదు, మహా బహిరంగం. ఎంపీటీసీలు సమావేశంలో అందరి ఎదుటా చేతులెత్తాలి, అధికారి లెక్కపెట్టుకోవాలి. సగం మంది వస్తే కోరం. తువ్వాలు లోపలికి రానివ్వరు. దాని పని అప్పటికే ఏ రిసార్టులోనో అయిపోయి ఉంటుంది.

కుర్చీ ఖాళీ అన్న కబురు అందిన రాత్రే సభ్యులకు ఎక్కడలేని దైవభక్తి పుడుతుంది. ఏసీ బస్సు వస్తుంది, ఫోన్లు మూగబోతాయి. ఇంటికెళ్లి అడిగితే ‘యాత్రకెళ్లారండీ’ అంటారు. స్వచ్ఛందంగానేనట. ధర లేనప్పుడు మా రైతులు మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు వచ్చాక తీస్తారు చూడండి, అదే శాస్త్రం. కాకపోతే మిర్చికి అద్దె రైతే కట్టుకోవాలి.

బస్సు ఎంత ముఖ్యమో తిరుపతిని అడగండి. 2025 ఫిబ్రవరి 3న అక్కడ డిప్యూటీ మేయర్ ఎన్నిక. కార్పొరేటర్లు వస్తున్న బస్సును దారిలోనే అడ్డుకున్నారు, ఎన్నిక మర్నాటికి పోయింది. మర్నాడు 26–21 తేడాతో తేలింది. ఓట్లు లెక్కపెట్టడానికి అయిదు నిమిషాలు చాలు, ఓటర్లను హాలు దాకా తేవడానికే రెండు రోజులు. తుని వాళ్లకు ఆ మాత్రం అదృష్టం కూడా లేదు. అక్కడ వైస్ చైర్మన్ ఎన్నిక కోరం లేక అదే నెలలో మళ్లీ మళ్లీ వాయిదా పడింది.

మా పల్నాడు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2021లో పిడుగురాళ్ల మున్సిపాలిటీలో 33 వార్డులకు 33 ఒకే పార్టీకి ఏకగ్రీవం. అంత ఐకమత్యం భారతంలో పాండవుల మధ్య కూడా ఉండి ఉండదు. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్‌లో వైస్ చైర్మన్ కుర్చీ ఖాళీ అయితే, ఒక్క వార్డూ గెలవని రెండో పార్టీ దాన్ని ఎత్తుకుపోయింది. మధ్యలో జనం ఓటేసింది లేదు. మారింది రాష్ట్రంలో ప్రభుత్వం, దాంతోపాటే కౌన్సిలర్లకు పట్టణాభివృద్ధి మీద పుట్టుకొచ్చిన బెంగ. నిన్న వాళ్లు బెదిరించారని వీళ్లంటారు, ఇవాళ వీళ్లు బెదిరించారని వాళ్లంటారు. బస్సు ఓనరు మాత్రం ఎవరినీ ఏమీ అనడు.

ఖాళీ అయిన గద్దె నిండడం మా మండలంలోని కొండవీడూ చూసింది. 1364 ప్రాంతంలో అనవోతారెడ్డి పోతే, కొడుకు కుమారగిరి చిన్నవాడని తమ్ముడు అనవేమారెడ్డి గద్దెనెక్కాడు. రాచరికమే, కానీ జనానికి ఓటుందని ఎవరూ బుకాయించలేదు.

పదిమంది చేతులెత్తే కుర్చీకి ఇంత ఆరాటం కదా, మరి ఊరంతా ఓటేసే కుర్చీ ఖాళీ అయితే? 2014లో గెలిచిన ఎంపీటీసీ, జెడ్పీటీసీల గడువు 2019 జులైలో తీరింది. కొత్తవాళ్లు వచ్చింది 2021 సెప్టెంబరులో. ఆ రెండేళ్లూ ప్రత్యేకాధికారులే ఏలారు. కరోనా ఒకసారి, కోర్టు కేసులు ఇంకోసారి. ఏప్రిల్ 8న వేసిన ఓట్లను సెప్టెంబరు 19న లెక్కపెట్టారు. మా ఓట్లు కూడా కోల్డ్ స్టోరేజీ చూసొచ్చాయన్న మాట. ఆ రెండేళ్లలో ఒక్క బస్సూ కదల్లేదు, ఒక్క రిసార్టూ నిండలేదు.

కడప జిల్లా పులివెందులలో జెడ్పీటీసీ సభ్యుడు చనిపోతే 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక జరిగింది. గెలిచినవాళ్లు ప్రజాస్వామ్యం వచ్చిందన్నారు, ఓడినవాళ్లు రిగ్గింగ్ అన్నారు. లెక్కింపులో బ్యాలెట్ల మధ్య ఓ చీటీ దొరికిందని పత్రికలు రాశాయి. ముప్పై ఏళ్ల తర్వాత ఓటేశానని అందులో ఎవరో రాసుకున్నారట. నిజంగా ఓటరే రాశాడో, చేయి తిరిగిన కార్యకర్తే రాశాడో ఆ దేవుడికెరుక. 2021లో 31 వార్డులకు 31 ఏకగ్రీవమైన మా మాచర్లలో అలాంటి చీటీ ఎవరైనా రాద్దామనుకున్నా, వేయడానికి ఊళ్లోకి పెట్టే రాలేదు.