వెన్నరొయ్యల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

వెన్న కరగనిచ్చి వెల్లుల్లి జతచేసి
రొయ్య తడిని తుడిచి చయ్యన నిడి
యటుల నిటులఁ ద్రిప్పి యరసున్న యగునంత
నిండుసున్న గాక నీవు దింపు

అవతారిక: ఇగురు పెట్టే ఓపిక లేని ఒకానొక ఆదివారమున, ఫ్రిజ్‌లో వెన్నముక్కయు, నలభై కౌంటు వనామీ రొయ్యలు అరకేజీయు గల గృహస్థునుద్దేశించి కవి ఇట్లు సెలవిచ్చుచున్నాడు. (కౌంటు అంటే కేజీకి తూగే రొయ్యల లెక్క. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది. భీమవరం చెరువుగట్ల మీద ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పట్నవాసుల కోసం రాయవలసి వచ్చింది.)

టీక: కరగనిచ్చి = సన్నసెగ మీద కరుగువరకు ఓపికపట్టి. ‘కాల్చి’ అని కవి అనలేదు, గమనింపదగును. వెన్నలో నూటికి ఎనభై పాళ్లు కొవ్వు. మిగిలినదాంట్లో నీరు ఎక్కువ, పాల పదార్థం కొంచెం. నురగ వస్తోందంటే నీరు పోతోందని, నురగ అణిగి అడుగున ఎర్రని నలుసులు కనబడితే మాడడానికి సిద్ధంగా ఉందని అర్థం.

వెల్లుల్లి జతచేసి = చితక్కొట్టి తరిగిన రెబ్బలు వేసి, పచ్చివాసన పోగానే తరువాతి పాదమునకు పోయి. బంగారురంగు దాటిన వెల్లుల్లి చేదెక్కును. ఇచట ఒక వ్యాఖ్యాత ‘అల్లంవెల్లుల్లి’ అను పాఠాంతరము చూపెను. గణభంగము, రుచిభంగము రెండును కలవు గనుక అగ్రాహ్యము.

తడిని తుడిచి = పొడిగుడ్డతో అద్ది. ఉప్పూ పసుపూ వేసి నీచు పోయేదాకా కడగడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. కడిగాక తుడవాలని మాత్రం ఎవరూ చెప్పరు. తడితో వేస్తే పెనం చల్లారి, నీరు ఊరి, వేగవలసిన రొయ్య ఉడుకుతుంది. వీపు గీరి నల్లదారం తీయాలన్న మాట కవి ఎత్తలేదు. అది పేగు, పద్యంలో ఇమిడేది కాదు.

అరసున్న యగునంత = ఇది ఈ పద్యమునకు ప్రాణము. వేడి తగలగానే కండ బిగిసి, తోక లోపలికి తిరగడం మొదలవుతుంది. రెండు కొసల మధ్య వేలు దూరేంత సందు ఉంటే అరసున్న. దించాల్సిన వేళ అదే. తోక వచ్చి రెండో కొసను తాకిందా, నిండుసున్న. ఇక నమలడమే పని. వాడుకభాష అరసున్నను ఎప్పుడో వదిలేసింది, వంటింట్లోనైనా దానికి చోటు దొరకడం భాషాభిమానులకు ఊరట. రంగును నమ్మి దించరాదు. ఆస్టజాంథిన్ అనే ఎరుపు రొయ్యలో ముందు నుంచీ ఉన్నదే. ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని బూడిదరంగులో దాస్తుంది. వేడికి ఆ పట్టు వదులుతుంది, పైన ఎర్రబడుతుంది, లోపల ఇంకా పచ్చిగా ఉండవచ్చు. కావున ఆకారమే ప్రమాణము. అనుమానమున్నచో ఒకటి తుంచి చూడవలెను. మధ్యలో తెల్లబడి ఉండాలి.

పూర్వపక్షము: “మా అమ్మ ఇరవై నిమిషాలు ఉడికిస్తుంది, మేం తినలేదా?” అని ఇగురువాదులు.

సమాధానము: తిన్నారు, లొట్టలు కూడా వేశారు. ఇగురులో రుచి ఉల్లిపాయది, మసాలాది, ఇగిరిన రసానిది. రొయ్య కాస్త గట్టిపడినా అన్నంలో కలిసి గట్టెక్కుతుంది. ఇక్కడ పాపం దాన్ని కాపాడేవాళ్లు లేరు. వైపుకి నిమిషమున్నర చాలు. ఒక్కసారే అరకేజీ కుమ్మరించక, రెండు వాయిలుగా వేయడం మేలు.

దింపు = స్టవ్ ఆపి ఊరుకొనుట కాదు, పళ్లెంలోకి మార్చుట. ఆపిన పెనం మీదా రొయ్య ఉడుకుతూనే ఉంటుంది.

తాత్పర్యము: తొందరగా దించుము.

అధ్యాహారము: నిమ్మచెక్క, మిరియాలపొడి, కొత్తిమీర కవి చెప్పకున్నను దించిన పిమ్మట చేర్చుకొనవలెను. ఉప్పు కలిపిన వెన్న వాడితే, రుచి చూడకుండా మళ్లీ ఉప్పు చల్లకండి.