నాకున్నది ఒక్కటే సీటు

నేను ట్రాక్టరుని. పశ్చిమ గోదావరి డెల్టాలో వరిచేల మధ్య నా కాపురం. నలభై ఐదు హార్స్‌పవర్ ఇంజను, రెండు టన్నుల ఒళ్ళు. ముందు చక్రాలు దారి పట్టడానికే, లాగేవి వెనకవి. నా బలమూ నా వల్ల వచ్చే ముప్పూ రెండూ ఆ వెనక ఇరుసులోనే ఉన్నాయి.

ఇంజను ఇరుసుని తిప్పితే ఇరుసు చక్రాలని తిప్పుతుంది, నేను ముందుకు పోతాను. చక్రాలు బురదలో బిగుసుకుపోయినప్పుడు కూడా ఇంజను తన పని మానదు. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ నేనే తిరుగుతాను. ముందు చక్రాలు నేల విడుస్తాయి, బానెట్టు నిటారుగా లేస్తుంది, చివరికి డ్రైవరు కింద, నేను పైన. లేవడం మొదలయ్యాక ఇక ఆపలేని చోటికి చేరడానికి ముప్పావు సెకను చాలు. సంగతి అర్థమై మనిషి కాలు క్లచ్చు మీద పడడానికే దాదాపు అంతసేపు పడుతుంది. అందుకే "మావాడికి ఇరవయ్యేళ్ళ సర్వీసు" అని ఎవరైనా ధీమాగా అంటే నాకు భయం వేస్తుంది. చెయ్యి ఎంత తిరిగినా ఆ ముప్పావు సెకను పెరగదు.

సార్వా దమ్ములప్పుడు రబ్బరు చక్రాల పక్కన ఇనప చక్రాలు తగిలించి నన్ను మళ్ళలోకి దింపుతారు. మొన్న సార్వాలో కాలవ వార మడిలో, ఊబి ఉన్న మూల, ఇరుసు దాకా దిగబడ్డాను. గట్టు మీద జనం చేరారు. ఒకాయన సరుగుడు కర్ర మోసుకొచ్చి, "చక్రాలకి అడ్డంగా కట్టి ఒక్క ఊపు ఇవ్వరా, అదే లేచొచ్చేస్తది" అన్నాడు.

మా డ్రైవరు కుర్రాడు రైతు వైపు చూశాడు. "కట్టెయ్యమంటారా బాబాయ్?"

"వద్దురా. ముందు రోటవేటరు విప్పేయ్. చక్రాల వెనక మట్టి తీయండి. వచ్చిన దారినే రివర్సులో లాగుదాం."

"పొద్దుపోద్దండీ."

"పోనీరా."

ఆ మాటకి నేనెంత ఊరట పడ్డానో చెప్పలేను. కర్ర కట్టడం ఊళ్ళల్లో చాలామంది చేసే పనే. కానీ కర్ర నేలకి తన్నుకున్నాక చక్రం బురదలో జారే వీలు కూడా పోతుంది, బలమంతా నా ముందు భాగాన్ని ఎత్తడానికే పోతుంది. రివర్సులో అలా కాదు, అదే బలం నా ముక్కుని నేలకి అదుముతుంది. పారలతో తవ్వి, వెనక ఇంకో బండి పెట్టి, గొలుసు వేశారు. గొలుసుని లాగే బండికి కింద ఉన్న డ్రాబారుకే తగిలించారు. టాప్ లింకు దగ్గరో ఇరుసు మీదో తగిలిస్తే ఆ బండే ముందుకాళ్ళు ఎత్తేది. చీకటి పడ్డాక బయటపడ్డాను.

ఎంత జాగ్రత్తపడ్డా తిరగబడే రోజు రావచ్చు. అందుకే సీటు వెనక ఇనప చట్రం నిలబెడతారు, దాన్ని రోల్ బార్ అంటారు. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకి దీన్ని తప్పనిసరి చేసింది. అది నన్ను తిరగబడకుండా ఆపదు. తిరగబడినా డ్రైవరు నలిగిపోకుండా చోటు మిగులుస్తుంది, అదీ బెల్టు పెట్టుకుంటేనే. చట్రం లేని బండి మీద మాత్రం బెల్టు కట్టుకోకూడదు. కొబ్బరితోటలో మట్టలు తగులుతాయని మా కుర్రాడు ఆ చట్రాన్ని మడుస్తాడు, తోట దాటగానే మళ్ళీ నిలబెట్టి పిన్ను వేస్తాడు. కొందరు చట్రం తీసేసి రేకు టాపు బిగించుకుంటారు. ఆ రేకు ఎండకి తప్ప దేనికీ ఆగదు.

తిరగబడడం ఒక్కటే కాదు ముప్పు. రోటవేటరుని నడపడానికి నా వెనక తిరిగే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. లుంగీ అంచు అందితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. తొడుగు ఊడిన షాఫ్టుతో పని మొదలుపెట్టకూడదు, అంతే. బ్రేకు పెడళ్ళు రెండూ చేలో విడివిడిగా ఉండాలి, మలుపుకి ఒక వైపే తొక్కాలి కనక. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపి లాక్ చెయ్యాలి, లేదంటే ఒక చక్రమే ఆగి నేను పక్కకి పడతాను.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది నా వెనక తగిలించే ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం. నా కాగితాల్లో సీటు ఒక్కటే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర వ్యవసాయ కూలీలని తీసుకెళ్తున్న ట్రాక్టరు ట్రక్కు మూసీ కాలవలో బోల్తా పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఎక్కినవాళ్ళని తప్పుపట్టే మాట నేను ఒప్పుకోను. నడిస్తే పనివేళ దాటిపోతుంది, వేరే బండి ఉండదు. పనికి పిలిచినవాళ్ళే బండి ఏర్పాటు చెయ్యాలి.

మా రైతు దాళ్వా ఊడ్పులకి ఆటో మాట్లాడాడు. ఇప్పుడు నా ట్రక్కులో నారుకట్టలే వస్తున్నాయి. ఆయన మనవడు మాత్రం మడ్‌గార్డు మీద కూర్చుంటానని రోజూ పేచీ పెడుతున్నాడు. వాణ్ణి దింపి అరుగు మీద కూర్చోబెట్టేదాకా మా కుర్రాడు తాళం తిప్పడు.