బీరువాలో పద్దెనిమిదేళ్లు, తొట్టెలలో దాదాపు రెండేళ్లు

నేను దుప్పటిని. పోచంపల్లి చిటికి దుప్పటిని. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. చుట్టూ గళ్లు, నడుమ ఏనుగులు. 2005లో, మా ఊరి చిటికి నేతకు, అదే ఇక్కత్‌కు, జీఐ గుర్తింపు వచ్చిన ఏడే, ఈ ఇంటి గుంట మగ్గం మీద పుట్టాను. ఇద్దరం జతగా పుట్టాం. రెండోదాన్ని సేటు తీసుకుపోయాడు. నాలో ఒక ఏనుగు తొండం దగ్గర పేక అర అంగుళం జరిగిందని నన్ను వాపసు పంపాడు. నిజమే, ఆ ఏనుగు తొండం ఇప్పటికీ వంకరే. ఆ వంకర పుణ్యాన ఇంట్లో మిగిలాను. నాఫ్తలీన్ గోలీల వాసన పీలుస్తూ పద్దెనిమిదేళ్లు బీరువాలో ఉన్నాను.

చిన్నది పుట్టినప్పుడు అవ్వ నన్ను బయటికి తీసింది. చీర తొట్టెల అయితే పిల్ల కాళ్లతో తన్నితే చిరుగుతుందని, దూలానికి నన్ను కట్టింది. అప్పటినుంచి చిన్నదానికి నిద్రంటే నేనే. నాలో పడుకోబెట్టి ఊపితే తప్ప కన్ను మూయదు. ఈ ఇంట్లో నాకంటూ ఒక మాట చెల్లుబడి అయ్యిందంటే అది ఆ పిల్ల వల్లే. అది కూడా తర్వాత చెప్పే సంగతిలో తేలింది.

ఈ ఇంటి కొడుకు పోచారం దిక్కున ఐటీ కంపెనీలో పనిచేస్తాడు. వారంలో మూడు రోజులు బండి మీద పోతాడు, మిగతా రోజులు మగ్గం గది పక్కనే లాప్‌టాప్ తెరుస్తాడు. అతని మీటింగుల్లో అవతలివాళ్లకు నాడె చప్పుడు వినిపిస్తుందట. సంక్రాంతి పోయిన వారంలో ఒక రాత్రి, తొట్టెల ఊపుతూనే పెళ్లాంతో అన్నాడు: "ఈ ఎండకాలం పిల్లల్ని సముద్రానికి తీస్కపోదాం. బయటి దేశం."

అవ్వ పక్కగదిలోంచే అందుకుంది. "బయటి దేశమెందుకురా? సముద్రం మనకు లేదా? చీరాల పోరాదు?"

ఆమె మాటలో ఒక లోతు ఉంది, కొడుక్కు తెలియదు గానీ నాకు తెలుసు. మా చిటికి పని ఈ పాత నల్లగొండ పల్లెలకు చీరాల నుంచి వచ్చిందే. నా రంగులు, నా గళ్లు తేలియా రుమాలువి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసే ఆ రుమాళ్లు చేపలు పట్టేవాళ్ల నడుముకు లుంగీ, తలకు పాగా. ఓడలెక్కి అరబ్బు దేశాలకు కూడా పోయాయి. అంటే మా తాతలు సముద్రం చూసినవాళ్లు. నాకు డిజైను వచ్చింది గానీ నూనె వాసన రాలేదు, ఓడా రాలేదు.

"చీరాల వచ్చే ఏడు, అమ్మా. ఈసారి విమానం ఎక్కుతడట పెద్దోడు" అని కొడుకు తప్పించుకున్నాడు. ఆరేళ్ల పెద్దోడు అప్పటికే దిండు మీద నిలబడి రెక్కలు చాపాడు.

మొదట అనుకున్నది ఫుకెట్. వీసా బెంగ లేదన్నాడు. కోడలు అతనికంటే నాలుగాకులు ఎక్కువ చదివింది. ఏ నెలలో పోతామో అడగకుండా ఏ ఊరికి పోతామో ఎట్లా చెప్తావని నిలదీసింది. మే నెల వచ్చేసరికి ఫుకెట్ దిక్కు అండమాన్ సముద్రం మీద నైరుతి గాలి మొదలవుతుంది. అలలు లేస్తాయి, ఒడ్డున ఎర్ర జెండాలు పాతుతారు. ఎర్ర జెండా అంటే నీళ్లలోకి దిగొద్దని. ఆరేళ్ల పిల్లవాణ్ణి సముద్రం దాకా తీసుకుపోయి ఒడ్డున కూర్చోబెట్టడం కంటే ఇంట్లోనే తొట్టిలో నీళ్లు నింపి ఇవ్వడం మేలంది.

తాత కండెలు చుట్టడం ఆపి అడిగాడు. "మనకు మృగశిరకు గదరా వాన?"

"వాళ్లకు మనకంటే ముందే, నాయినా."

తర్వాత శ్రీలంక వచ్చింది. ఇక్కడ నాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ చిన్న దీవికి నడుమ కొండలు. నైరుతి వాన మేలో పడమటి తీరాన్ని, దక్షిణ తీరాన్ని తడుపుతుంది. బెంతోట, హిక్కడువ అప్పుడు వాన పాలు. అదే నెలలో కొండలకు అవతల తూర్పు తీరం ఎండగా, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. చలికాలంలో ఈశాన్య గాలికి తూర్పు తడుస్తుంది, పడమర ఎండుతుంది. పడమటి కనుమలు వానను ఆపుకుని మన దక్కనుకు మిగిలింది వదిలే పద్ధతే అది. తాతకు వెంటనే అర్థమైంది. నల్లగొండ మనిషికి వాన ఎటు ఆగిపోతుందో చెప్పనక్కర్లేదు.

తూర్పున త్రికోణమలై దగ్గర నిలావెలి, ఇంకా కిందికి మట్టకళప్పు దిక్కున పాసికుడా. పాసికుడాలో ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా నీళ్లు నడుము లోతే అని చదివి కోడలు ఫోను పక్కన పెట్టేసింది. ఊరు కుదిరింది.

కొడుకు పుస్తకం తీసి రాసిన మొదటి ప్లాను చూసి నాకు నవ్వొచ్చింది. పొద్దున ఇది, మధ్యాహ్నం అది, సాయంత్రం మరొకటి. అవ్వ దగ్గర ఒక్కరోజు కూర్చుని ఉంటే అట్లా రాసేవాడు కాదు. నేను పుట్టకముందు ఆమె మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోసి, గీత గీసి, నూలు మీద సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించింది. చిటికి కట్టేవాళ్లు రంగు పడొద్దన్న చోటు ముందు చూసుకుంటారు. కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది, తక్కినది రంగే చూసుకుంటుంది.

కోడలు అట్లాగే చేసింది. ఆమె చిటికి కట్టదు, అయినా చేసింది. ముందు వద్దనేవి రాసింది. అర్ధరాత్రి విమానం వద్దు. పది నుంచి నాలుగు దాకా ఎండలో ఇసుక వద్దు. కొలంబో విమానాశ్రయం నుంచి పాసికుడా ఆరేడు గంటల దారి, ఒక్క ఊపులో వద్దు. దారిలో దంబుల్లా దగ్గర ఒక రాత్రి ఆగాలి. పెద్దోడి చేతికి ఫోను ఇచ్చి, ఐదు నిమిషాలకైనా సరే, నీళ్ల దగ్గర ఇద్దరూ వదిలిపోవద్దు. మిగిలిన కాలం పిల్లలే నింపుకుంటారంది.

రోజులు కుదరడమే గట్టి ముడి. పెద్దోడి బడి ఏప్రిల్ చివరి వారంలో మూస్తారు. అంతకుముందు ఏప్రిల్ నడుమ పోదామంటే అక్కడ సింహళ, తమిళ కొత్త సంవత్సరం. హోటళ్లు నిండి ఉంటాయి. మే మొదటి వారంలో చిన్నదానికి రెండేళ్లు నిండుతాయి. రెండేళ్లలోపు పిల్లకు విమానంలో ఒళ్లో కూర్చునే చవక టికెట్. తిరుగు ప్రయాణం నాటికి రెండు నిండితే సీటు కొనాలి. బడి మూసే రోజుకూ ఈ పుట్టినరోజుకూ నడుమ తొమ్మిది రోజులు దొరికాయి. అందులో ఆరు తీసుకున్నారు.

పాస్‌పోర్టుల సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నాలుగేళ్లలోపు పిల్లలకు ఫొటో ఇంటి నుంచే తీసుకుపోవాలి, వెనక తెల్లగా ఉండాలి. చిన్నది నా మీద తప్ప కుదురుగా పడుకోదు. నా మీద పడుకోబెట్టి తీశారు. ముద్దుగా వచ్చింది, చుట్టూ పన్నెండు ఏనుగులు. పనికిరాదు. చివరికి తాత తెల్ల పంచె పరిచి, కింద నన్ను దాచి, పిల్లను పడుకోబెట్టారు. ఆ పాస్‌పోర్టులో పంచె కనిపిస్తుంది. దాని కింద నేనున్నానని ఏ అధికారికీ తెలియదు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుందట. నాకైతే ఇరవై దాటినా రంగు దిగలేదు.

అవ్వ మాత్రం ఎక్కడికీ రానంది. "మగ్గం ఎవరు చూస్తరు బిడ్డా?" అంది. ఆమె సముద్రం చూడలేదు. కానీ నడక తక్కువేం కాదు. చేత్తో ఆసు పోసే రోజుల్లో ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. లెక్క కడితే కిలోమీటర్ల దూరం. చింతకింది మల్లేశం కనిపెట్టిన ఆసు యంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె భుజం అప్పటికే అరిగింది. ఎన్ని చీరలకు పోసిందో లెక్కేస్తే ఆ చెయ్యి పాసికుడా దాటి ఎక్కడికి పోయి ఉండేదో.

ఆమె ప్రణాళిక వేరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని మేటి పర్యాటక గ్రామాల్లో ఒకటన్నాక మగ్గాలు చూడటానికి తెల్లవాళ్లు ఇంకా వస్తున్నారు. వాళ్ల పిల్లల్ని ఆమె గుమ్మంలో కూర్చుని చూసింది. నెత్తికి టోపీ, వీపుకు చిన్న సంచి, చేతిలో నీళ్ల సీసా. "గా పిల్ల ఒక్క సంచితోని దేశాలు దాటొచ్చింది. మీరేమో పెండ్లికి పోయినట్టు కడుతుండ్రు" అంది కోడలితో. అంటూనే సర్వపిండి మూట, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గు డబ్బా, మామిడి తొక్కు సీసా ముందు పెట్టింది. అవ్వలందరూ అంతే.

పోయే ముందు రాత్రి నూలు తూచే కాటా బయటికి వచ్చింది. చేతి సంచి ఏడు కిలోలు దాటొద్దు. కొక్కేనికి తగిలిస్తే ఎనిమిదికి కొంచెం తక్కువ. కొడుకు సంచి తెరిచి నా వైపు చూశాడు. నేను కిలో పైమాటే.

"హోటల్ల దుప్పట్లు ఉంటయి గద" అన్నాడు.

నన్ను తీసి మంచం మీద వేశాడు. చిన్నది వచ్చి నా అంచు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. లాగితే కెవ్వుమంది. హోటల్ గదిలో దూలం ఉండదు, తొట్టెల కట్టరు, నిజమే. కానీ నా వాసన కావాలి ఆ పిల్లకు. ఎవరూ ఏమీ అనలేదు. కోడలు తన రెండో జత చెప్పులు, కొడుకు చార్జర్ల సంచీ తీసింది. తొక్కు సీసా పెద్ద పెట్టెలోకి పోయింది. కాటా ఏడు దగ్గర ఆగింది.

అవ్వ అప్పుడు నా నాలుగు మూలలు దగ్గరికి తీసుకుంది. డబ్బాలోంచి సైకిల్ ట్యూబు ముక్కలు తీసి ఒక్కో మూలకు ఒక్కో ఉచ్చు బిగించింది.

"ఇదెందుకు అత్తమ్మా?"

"గాలికి లేస్తది. కుర్చీ కాళ్లకు కట్టుకో."

సముద్రపు గాలి ఈమెకెట్లా తెలుసని కోడలి మొహంలో కనిపించింది. నలభై ఏళ్లు పొద్దున్నే వీధిలో పడుగు చాపి పట్టుకున్న మనిషికి గాలి బట్టనెట్లా లేపుతుందో తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

నన్ను మడతపెట్టి సంచిలో అడుగున పెట్టారు. వంకర తొండం ఏనుగు మీద ఉగ్గు డబ్బా కూర్చుంది. జిప్పు పడింది.